తోడు

పశువుల డాక్టరుగా రిటైరైనవాడు అపార్ట్‌మెంటులో ఉండకూడదు. సర్వీసంతా నేను చూసినవి గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలు. గాలికుంటు, గొంతువాపు, పొదుగువాపు, అర్ధరాత్రి ఈనలేక అవస్థపడే పాడిగేదె. ఇప్పుడు నిజాంపేటలో లిఫ్టెక్కితే చాలు, ఒకావిడ తన పర్షియన్ పిల్లికి బొచ్చు రాలిపోతోందంటుంది, ఇంకొకాయన చిలక అలిగి మాట్లాడ్డం మానేసిందంటాడు. ఫీజు ఎవరూ ఇవ్వరు. కాఫీ ఇస్తారు. ఇంట్లో నాకు రోజుకు రెండు కాఫీలే కోటా కాబట్టి నేనూ పెద్దగా అడ్డు చెప్పను.

మూడో అంతస్తు కుర్రాడు మాత్రం కాఫీకి పిలవలేదు. రాత్రి పదింటికి వచ్చి తలుపు కొట్టాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, భార్యదీ అదే. చేతిలో ఫోను, ఫోనులో వీడియో.

"అంకుల్, ఇది చూడండి. దాని పెంటికలు అదే తింటోంది. పిచ్చెక్కిందంటారా?"

దసరా సెలవుల్లో కూతురి పుట్టినరోజు వచ్చిందట. పాప కుందేలు కావాలని పట్టుబడితే పాతబస్తీలో ఒక కొట్లో తెల్లపిల్లని కొన్నాడు. కొట్టువాడు ఒక ఇనప పంజరం, ఒక సంచి గుళికల దాణా అంటగట్టి, "క్యారెట్ వేస్తే చాలు సార్, దానికింకేం పనుండదు" అని సాగనంపాడట.

వెళ్ళి చూశాను. పంజరం నిండా క్యారెట్ ముక్కలు. అడుగున తీగల జల్లెడ. కుందేలు పాదాలకు కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు మెత్తటి దిండ్లు ఉండవు, ఉన్నదంతా బొచ్చే. ఆ తీగలమీద నిలబడీ నిలబడీ మడమల దగ్గర బొచ్చు అరిగి చర్మం ఎర్రగా కందిపోయింది. పాప దానికి స్నోయీ అని పేరు పెట్టి, మెడలో గులాబీ రిబ్బను కట్టి, ఆ సాయంత్రమే షాంపూతో స్నానం కూడా చేయించిందట. అది బతికుండడమే దాని గొప్ప.

"పిచ్చి కాదు నాయనా, అదే దాని ఆరోగ్యం" అన్నాను. గడ్డి తినే జంతువులన్నిటికీ ఒకటే తంటా, గడ్డిలో సారం ఒక పట్టాన ఊడిరాదు. ఆవు నెమరు వేసి లాగుతుంది. కుందేలుకు ఆ పొట్ట లేదు. పెద్దపేగు మొదట్లో ఒక సంచి ఉంటుంది, గడ్డి అక్కడ పులుస్తుంది. కానీ అప్పటికే చిన్నపేగు దాటిపోయింది కదా, ఆ సారం ఒంటికి పట్టేదెలా? అందుకని రాత్రిపూటో తెల్లవారుజామునో మెత్తగా, జిగురుగా, గుత్తిగా వచ్చే పెంటికల్ని కింద పడనివ్వకుండా నోటితో అందుకుని మింగేస్తుంది. పగలు పొడిగా, గుండ్రంగా రాలేవి వేరు, వాటి జోలికి పోదు. చూసేవాళ్ళకు రోత, దానికి విటమిన్లు.

భార్యాభర్తలిద్దరూ నోట్సు రాసుకునేట్టు కూర్చున్నారు. నాకూ హుషారొచ్చింది. క్యారెట్ దానికి మిఠాయి, ఎప్పుడన్నా ఒక చిన్న ముక్క. దాణా రెండు చెంచాలు. మిగిలిందంతా గడ్డే, అదీ రోజంతా అందుబాటులో ఉండాలి. నోట్లో 28 పళ్ళు, అన్నీ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళయితే నెలకు దాదాపు సెంటీమీటరు. గడ్డి నమిలితేనే అరుగుతాయి, లేకపోతే పెరిగి చెంపల్లోకి, నాలుకలోకి దిగుతాయి. చెవులు పట్టి ఎత్తకూడదు. వెనక కాళ్ళు వేలాడదీసి అసలే ఎత్తకూడదు, గింజుకుందంటే దాని తన్నుకు దాని వెన్నే విరుగుతుంది. స్నానాలు వద్దు. సెల్ చార్జర్ల తీగలు దాని కంటికి కనపడకూడదు.

"అన్నిటికన్నా ముఖ్యం, అది మేత మానేస్తే రేపు చూద్దాం అనుకోవద్దు" అన్నాను. కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకు నడవాల్సిందే. పన్నెండు గంటలు తినలేదంటే పేగు కదలడం ఆగుతోందని. ఒక రోజు దాటితే ప్రాణానికే ముప్పు.

అప్పుడు అడిగాడు కుర్రాడు, "మేం పొద్దున్న తొమ్మిదింటికి పోతే రాత్రి ఎనిమిదింటికి వస్తాం అంకుల్. పాప స్కూలు, తర్వాత డేకేరు. ఇది ఒక్కతే ఉండగలదా?"

ఇందులో నాకు మొదట్నుంచీ పాండిత్యం ఏమీ లేదు. సర్వీసులో ఉండగా కుందేళ్ళ పెంపకం పథకం ఒకటి వస్తే నన్ను రాజస్థాన్‌లోని అవికానగర్‌కు శిక్షణకు పంపారు. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ 1962 నుంచీ అక్కడుంది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చిన్చిల్లా, ఏది ఎన్ని వారాలకు ఎన్ని కిలోలు తూగుతుంది, కట్టిన నెల రోజులకు ఎన్ని పిల్లల్ని ఈనుతుంది, అన్నీ నేర్పారు. కుందేలుకు దిగులు పుడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మాంసం లెక్కలో దిగులుకు పద్దు లేదు. అదంతా రిటైరయ్యాక, ఈ అపార్ట్‌మెంటు ప్రాక్టీసు మొదలయ్యాక చదివి తెలుసుకున్నదే.

చదివిందే చెప్పాను. ఈ పెంపుడు కుందేళ్ళన్నిటికీ మూలం స్పెయిన్, పోర్చుగల్ వైపు అడవి కుందేలు. నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే జాతి. ఒకటి వెనక కాలు నేలకేసి కొడితే అన్నీ బొరియల్లో దూరతాయి. కావలి కాసేవాళ్ళు లేరనుకుంటే దానికి నిద్ర కూడా సరిగా పట్టదు. పొద్దస్తమానం ఒంటిగా వదిలేస్తే దిగులు పడుతుంది, ఊచలు కొరుకుతుంది, మేత తగ్గిస్తుంది. తగ్గిస్తే ఏమవుతుందో ఇందాకే చెప్పాను.

"చచ్చిపోతుందా అంకుల్?"

"పాప ముందు ఆ మాటెందుకు బాబూ. ఒంటిగా మాత్రం ఉంచకండి."

ధనుర్మాసం మొదట్లో, మేడమీద ఎండలో నడుస్తుంటే పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. రేపల్లె దగ్గర పల్లెటూరు. ఎకరంన్నర పొలం, దాంతోపాటు ఊళ్ళో బ్రాంచి పోస్టాఫీసు చూసేవారట. మనియార్డర్లు పంచిన మనిషి కాబట్టి అయిదు నిమిషాల్లో నా వివరాలన్నీ లాగేసి తనవన్నీ చెప్పేశారు. భార్య పోయి నాలుగేళ్ళయింది. పెద్దకర్మ అయ్యాక కొడుకు వెంట ఇక్కడికి వచ్చారు కానీ ఇల్లు ఇరుకు, పాపకు గది కావాలి, పది రోజులుండి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి ఊళ్ళోనే, పొద్దున్న ఒక్కసారి వండుకుని రెండుపూటలా తినడం.

"మొన్న వాడే ఫోను చేశాడండీ. 'నాన్నా, ఒక్కడివీ అక్కడెందుకు, వచ్చెయ్యి, అందరం కలిసుందాం' అన్నాడు. నేనడగలేదండోయ్! వాడంతట వాడే."

నేను నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ, "మంచి పిల్లాడండీ" అన్నాను.

పోస్టుమాస్టారు వచ్చాక స్నోయీ దశ తిరిగింది. ముందు ఆ జల్లెడ పంజరం పోయి, హాల్లో సోఫా పక్కన చిన్న దొడ్డి వచ్చింది, కింద గోనెపట్టా, దానిమీద పాత దుప్పటి. ఒక మూల ట్రేలో కాగితం పరిచి గడ్డి వేస్తే కుందేలు దొడ్డికి ఆ మూలకే వెళుతుందని నేనంటే ఆయన నమ్మలేదు. వారంలో అది అలాగే చేసేసరికి మా ఇంటికొచ్చి, "పసిపిల్లలు కూడా ఇంత తొందరగా నేర్చుకోరండీ" అని మురిసిపోయారు. ఆయన దాన్ని స్నోయీ అని పిలవలేదు. బుజ్జమ్మ.

గడ్డి కోసం మొదట్లో పార్కుకు వెళ్ళేవారు. అక్కడ కుక్కల్ని తిప్పుతారు, మందులు కొడతారు, వద్దన్నాను. సరేనని వాచ్‌మన్‌ను అడిగి ఖాళీ పెయింటు బకెట్లు సంపాదించి, అడుగున చిల్లులు పొడిచి, మేడమీద గరిక నాటారు. ఉగాది నాటికి ట్యాంకు చుట్టూ గరికే. వినాయకచవితికి అపార్ట్‌మెంటులో సగం ఇళ్ళ పత్రిలోకి గరిక ఆయన బకెట్లలోదే. ఇచ్చేటప్పుడు మాత్రం, "ఇంత చాలమ్మా, బుజ్జమ్మకు తక్కువవుతుంది" అని బేరం పెట్టేవారు. దేవుడికైనా కోటానే.

పాత లెడ్జరొకటి తెచ్చుకున్నారు ఊరినుంచి. పోస్టాఫీసు అలవాటు. నీళ్ళు ఎంత తాగింది, గడ్డి ఎంత మిగిల్చింది, పెంటికలు లావా సన్నమా, అన్నీ తేదీవారీగా. "మధ్యాహ్నం 3 గం. గాలిలో ఎగిరి మెలి తిరిగెను. సంతోషముగా నున్నది" అని కూడా ఒకచోట చూశాను. ఎండాకాలంలో బయట 40 దాటితే కుందేలుకు చెమట పట్టదు, దానికున్న ఆధారమల్లా చెవులు, ఒంట్లో వేడి వాటిలోంచే పోవాలి. ఈయన గంటకోసారి చెవులకు తడిగుడ్డ అద్దేవారు, నీళ్ళ సీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి తువ్వాల చుట్టి పక్కన పెట్టేవారు. కోడలు దాని కోసం పగటిపూట హాల్లో ఏసీ వేసుకోమంది. ఆ మాట నాతో చెబుతూ, "నాకూ చల్లగానే ఉంటుందనుకోండి" అన్నారు.

ఒకరోజు అడిగారు. "డాక్టరుగారూ, మా పొలాల్లో చెవులపిల్లులు తిరుగుతాయి కదా. ఎప్పుడు చూసినా ఒంటిగానే ఉంటాయి. చెరువుగట్టున జమ్ములో ఒక్కటే పడుకుంటుంది. మరి ఇదెందుకండీ తోడు తోడంటుంది?"

"అది వేరు, ఇది వేరు పోస్టుమాస్టారూ. రంగూ చెవులూ చూసి మనం రెంటినీ ఒకే గాట కట్టేస్తాం. మన చెవులపిల్లి బొరియ తవ్వదు. పిల్లలు పుట్టేటప్పటికే ఒంటినిండా బొచ్చు, కళ్ళు తెరిచి పుడతాయి. పుట్టిన గంటకే దాని బతుకు దానిది. ఈ జాతి పిల్లలు కళ్ళు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. పది రోజులు దాటితేగాని లోకం చూడవు. ఒకదాన్నొకటి ఆనుకుని పెరిగిన ప్రాణం ఇది."

ఊళ్ళో ఒకాయన చెవులపిల్లిని పట్టి పెంచుకునేవాడని చెప్పారు. 1972 చట్టం ప్రకారం అది వన్యప్రాణి, పట్టినా పెంచినా కేసేనని నేను భయపెట్టాను. ఆయన ఆ సంగతి పట్టించుకోలేదు. ఇంకేదో ఆలోచిస్తున్నారు. కాసేపటికి, "ఆనుకుని పెరిగినవాటికే కష్టమన్నమాట" అని లేచి బకెట్లకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళారు.

ఆషాఢంలో ఒక రాత్రి, ముసురు. కొడుకూ కోడలూ పాపను తీసుకుని ఎవరిదో పెళ్ళికి వైజాగ్ వెళ్ళారు. ఒంటిగంటకు మా బెల్లు మోగింది. పోస్టుమాస్టారు, చేతిలో లెడ్జరు.

"సాయంత్రం ఆరు తర్వాత పెంటిక వెయ్యలేదండీ. అంతకుముందు వేసినవి కూడా చిన్నవి, బొచ్చుతో దారం గుచ్చినట్టున్నాయి. గడ్డి పెడితే మొహం తిప్పుకుంటోంది."

వెళ్ళి చూస్తే మూలన ముడుచుకుని కూర్చుంది. పళ్ళు పటపటా కొరుకుతోంది. సంతోషంగా ఉన్నప్పుడూ పళ్ళు ఆడిస్తుంది కానీ అది మెత్తటి చప్పుడు. ఇది నొప్పి. పొట్టకు చెవి పెట్టి విన్నాను. గుడగుడ లేదు. నా బ్యాగులో ఉన్నవి గేదెల మందులు. ఆ వానలో ఆటో పట్టుకుని, బుట్టలో తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టి, పక్షులకీ కుందేళ్ళకీ చూసే ఒక ఆసుపత్రికి ఇద్దరం వెళ్ళాం. చర్మం కింద సెలైను ఎక్కించారు, నొప్పికి ఇంజెక్షను ఇచ్చారు, సిరంజితో మెత్తటి మేత పట్టించారు. "ఇంకో పూట ఆగుంటే కష్టమయ్యేది, ఎవరండీ ఇంత కనిపెట్టి ఉన్నది?" అంది ఆ డాక్టరమ్మ. పోస్టుమాస్టారు ఏమీ అనలేదు, లెడ్జరు చంకలో పెట్టుకున్నారు. మర్నాడు తెల్లారి అయిదింటికి నాకు ఫోను.

"వేసిందండీ! ఏడు వేసింది!"

మా ఆవిడ ఎవరికో పురుడొచ్చిందనుకుని లేచి కూర్చుంది.

ఆ వారమే డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఆడకుందేలుకు ఆపరేషను చేయించకపోతే నాలుగేళ్ళు దాటాక గర్భసంచికి క్యాన్సరు వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ. చేయించారు. కుక్కకో పిల్లికో అయితే ఆపరేషనుకు ముందు కడుపు మాడ్చమంటారు. కుందేలుకు వాంతే లేదు కాబట్టి ఆఖరు నిమిషం దాకా మేపమన్నారు. ఆ నియమం పోస్టుమాస్టారికి ఎంత నచ్చిందో చెప్పలేను.

చవితి వెళ్ళాక ఒక ఆదివారం కుర్రాడు కాఫీకి పిలిచాడు. వాళ్ళ ఆఫీసులో ఒకతను అమెరికా వెళ్ళిపోతూ తన మగకుందేల్ని ఎవరికైనా ఇస్తానంటున్నాడట. వృషణాలు తీయించి ఏడాదైంది. తెచ్చుకోమంటారా అని.

"తెచ్చుకో బాబూ" అన్నాను. "మనిషి ఎంత కనిపెట్టుకుని ఉన్నా మనిషే. కుందేలుకు కుందేలే తోడు. రాత్రిళ్ళు దాని తల నువ్వు నాకుతావా?"

అందరం నవ్వాం. కుర్రాడు కాఫీ కప్పు పెట్టేస్తూ అడిగాడు, "రెండూ జత కుదిరితే, ఇంక పగలు ఇంట్లో మనుషులు లేకపోయినా ఫర్వాలేదా అంకుల్?"

"అప్పుడేం ఫర్వాలేదు. పొద్దున్నా సాయంత్రం చూసుకుంటే చాలు."

పోస్టుమాస్టారు కిందే కూర్చుని బుజ్జమ్మను దువ్వుతున్నారు. ఏటా కుందేలు బొచ్చు రాల్చే కాలాలుంటాయి, అప్పుడు దువ్వెన నిండా వస్తుంది. ఆయన తల ఎత్తలేదు. దువ్వెనకు చుట్టుకున్న బొచ్చును వేళ్ళతో లాగి, ఉండచేసి, జేబులో వేసుకున్నారు.

కోకో వచ్చాడు. గోధుమరంగు. పోస్టుమాస్టారు వాణ్ణి ఎర్రోడన్నారు. కొత్త కుందేల్ని తెచ్చి పాతదాని దొడ్లో వదిలేస్తే చంపుకునేదాకా పోతాయి, తన చోటంటే దానికంత పట్టింపు. పద్ధతంతా నేనే చెప్పాను. ముందు పక్కపక్కన రెండు దొడ్లు, మధ్య తీగల తడిక. దీని దుప్పటి దాంట్లో, దానిది దీంట్లో, వాసన అలవాటు పడేదాకా. తర్వాత రెంటికీ చెందని చోట, బాల్కనీలోనో స్నానాలగదిలోనో, రోజూ కాసేపు కలపడం. ముందు తరుముకుంటాయి, ఒకదానిమీదొకటి ఎక్కుతాయి, అది మామూలే. ఒకటి తల వంచి రెండోది ఆ తల నాకితే పని అయిపోయినట్టే. కొన్నిటికి వారం, కొన్నిటికి నెలలు.

ఈ పని చేయాల్సింది ఎవరు? పగలు ఇంట్లో ఉండేది ఆయనొక్కరే.

దసరా వెళ్ళింది. కలవలేదు. దీపావళి వచ్చింది. బాంబుల మోతకు రెండూ బెదిరిపోతాయని కిటికీలు మూసి, టీవీ సౌండు పెంచి కూర్చున్నారట ఆయన. అప్పటికీ కలవలేదు. కుర్రాడు సాయంత్రం వచ్చేసరికి రోజూ అదే వార్త. నేలమీద తెల్లబొచ్చూ ఎర్రబొచ్చూ చెదిరి ఉండేది. లెడ్జరులో కూడా ఎక్కేది. "ఉదయం 11 గం. కలిపితిని. 5 నిమిషములు. పోట్లాట. బొచ్చు ఊడినది."

నేనూ పట్టుదలకు పోయాను. కారులో తిప్పితే భయానికి దగ్గరవుతాయని ఒకచోట చదివి చెప్పాను. ఇద్దరి నుదుటిమీదా అరటిపండు గుజ్జు పూస్తే నాకే అలవాటు పడతాయని ఇంకోసారి చెప్పాను. అన్నీ చేశానన్నారు. ఒక సాయంత్రం నేనే వెళ్ళి రెంటినీ ఒళ్ళో పెట్టుకుని చెవులు, మెడ, వెనకభాగం, అంతా వెతికాను. గాయం ఒక్కటీ లేదు. బొచ్చు దట్టం కదా, పళ్ళు చర్మం దాకా దిగలేదనుకున్నాను. వదిలిపెట్టగానే రెండూ తమ దొడ్లలోకి పోయి, తడికకు ఇటొకటి అటొకటి ఒళ్ళు ఆనించి పడుకున్నాయి.

"చూశారా, పగండీ" అన్నారు పోస్టుమాస్టారు. "తెల్లవార్లూ ఇలా ఒకదాన్నొకటి కాపు కాస్తాయి."

ముప్పయ్యేళ్ళ సర్వీసులో పగబట్టిన కుందేళ్ళను నేను చూళ్ళేదు. అసలు కుందేళ్ళనే పెద్దగా చూళ్ళేదు. అందుకే ఆ మాట బయటికి అనలేదు. మెట్ల దగ్గర కుర్రాడికి మాత్రం ఒక సలహా ఇచ్చాను. "ఏది ముందు కరుస్తోందో తెలిస్తే ఏదో ఒకటి చెప్పగలను. నాన్నగారికి ఆ హడావిడిలో కనపడకపోవచ్చు. ఒక కెమెరా పెట్టు."

డిసెంబరు రెండోవారం. మేడమీదికి వస్తే పోస్టుమాస్టారు చేతిసంచీతో నిలబడి ఉన్నారు, ఇస్త్రీ చొక్కా. బకెట్లలో గరిక మోకాలెత్తు పెరిగి ఉంది.

"రాత్రి రేపల్లె రైలుకు వెళ్తున్నానండీ. సంక్రాంతి దగ్గరపడితే టికెట్లు దొరకవని మావాడు ముందే చేయించాడు. వీటికి కాస్త నీళ్ళు పోయమని వాచ్‌మన్‌కు చెప్పండి."

"అదేమిటి, కుందేళ్ళింకా..."

"కలిసిపోయాయండీ. దసరా వెళ్ళిన వారానికే." చెప్పులోంచి కాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "మీకు అబద్ధం చెప్పాను, ఏమనుకోకండి. మొదటిరోజు తరుముకున్నాయి, మూడోరోజు ఎర్రోడు తల వంచాడు, బుజ్జమ్మ నాకింది. మీరు చెప్పినట్టే. పొద్దున్న వీళ్ళు బయల్దేరగానే కలిపేవాణ్ణి. సాయంత్రం ఆరింటికి విడదీసి చెరోదాంట్లో పెట్టేవాణ్ణి."

"మరి ఆ బొచ్చు?"

"దువ్వెనదండీ."

నాకు నోటమాట రాలేదు. ఆయనే అందుకున్నారు.

"నన్నెందుకు రమ్మన్నాడో నాకు వచ్చిన రోజే తెలుసు. రైలు దిగి ఇంటికి రాగానే పాప చెప్పేసింది, 'స్నోయీకి ఒక్కదానికీ బోరు కొడుతోందని డాక్టర్ తాత చెప్పారు, అందుకే నిన్ను తెచ్చుకున్నాం తాతయ్యా' అని. మీరూ ఆ రోజు ట్యాంకు వైపు చూశారు కదా, అప్పుడే అనుకున్నాను, ఈయనకీ తెలుసని. ఎందుకు పిలిస్తేనేం, పిలిచాడు, అంతే చాలనుకున్నాను. ఇంకో నాలుగు నెల్లు లాగుదామనే చూశాను కానీ, టీవీ పక్కన ఏదో గుండ్రంగా పెట్టాడు. ఇంటర్నెట్టు డబ్బా అనుకున్నాను."

ఎండ నా మొహంమీదే పడుతోంది. ఈసారి ట్యాంకు వైపు కూడా చూడలేకపోయాను.

"ఆఫీసులో కూర్చుని ఫోనులో అంతా చూశాడట. మధ్యాహ్నమంతా అవి రెండూ ఒకదానిమీద ఒకటి తలపెట్టుకుని పడుకోడం, ఆరింటికి నేను లేపి విడదీయడం, జేబులోంచి బొచ్చు తీసి నేలమీద చల్లడం."

"కోప్పడ్డాడా?"

"కోప్పడినా బాగుండేదండీ. వచ్చీరాగానే రెంటినీ ఒళ్ళోకి తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 'నోరులేని జీవాల్ని విడదీయడానికి నీకు చేతులెలా వచ్చాయి నాన్నా? ఒంటరిగా ఉండడం ఎంత నరకమో నీకేం తెలుసు?' అన్నాడు."